లారీ గుండెలోని కమాను: డీజిల్ ఇంజనులో వాల్వు స్ప్రింగుల మార్పు

మర్కూక్ మండలములో అడుగిడిన వారి కంటికి ముందుగా కనబడునది కొండపోచమ్మ సాగర్ కట్ట. 15 టి.ఎం.సి.ల నీరు పట్టు ఈ జలాశయము 2020 మే 29వ తేదీన ప్రారంభమైనది. గోదావరి నీటిని అంచెలంచెలుగా ఎత్తి ఇంత ఎత్తునకు తెచ్చిన పంపులను, మోటార్లను చూచి అందరును ఆశ్చర్యపడుదురు. అది న్యాయమే. కాని ఆ పంపులు తిరుగుటకు ముందు, ఆ కట్ట లేచుటకు మట్టి కావలసివచ్చినది. ఆ మట్టిని మోసినవి టిప్పర్లు. నిండు బరువుతో మెల్లగా ఎక్కుట, దింపి తిరిగి వచ్చుట, మరల నింపుకొనుట, ఇదియే వాటి దినచర్య.

అట్టి బండి ఇంజనులో అరచేతిలో ఇమిడిపోవు ఒక వస్తువును గురించి ఈ వ్యాసములో తెలిసికొందము. అది వాల్వు స్ప్రింగు. మన ప్రాంతపు వర్క్‌షాపులలో లారీ క్రింద ఉండు ఉక్కు పట్టీల కట్టను కమాన్ కట్ట అందురు. కమాన్ అను ఉర్దూ మాటకు విల్లు అని అర్థము. వంగి, దాచుకొన్న బలముతో తిరిగి నిలుచునది విల్లు. ఇంజను లోపలి స్ప్రింగు కూడ ఆ జాతిదే. క్రింది కమాను విరిగినచో బండి ఒక ప్రక్కకు ఒరుగును. డ్రైవరునకు వెంటనే తెలియును. లోపలి కమాను విరిగినచో కొన్ని క్షణములలో ఇంజనే పాడుకావచ్చును.

ఈ రోజులలో లారీలు నడుపు యువకులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు: "గట్టి స్ప్రింగులు వేయిస్తే బండికి బలం పెరుగుతుందా?" ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము.

స్ప్రింగు చేయు పని

డీజిల్ ఇంజను నాలుగు ఘట్టములలో పని చేయునని మన విద్యార్థులకు తెలిసినదే. గాలిని పీల్చుట, దానిని నొక్కుట, ఇంధనము మండి పిస్టనును త్రోయుట, కాలిన పొగను వెడలగొట్టుట. గాలి వచ్చు ద్వారమునకు ఒక కవాటము, పొగ పోవు ద్వారమునకు ఒక కవాటము ఉండును. వీటినే మనము ఇన్‌లెట్ వాల్వు, ఎగ్జాస్ట్ వాల్వు అని పిలుచుచున్నాము.

వాల్వును తెరచునది కామ్ షాఫ్టు. కామ్ మీది ఉబ్బు టాపెట్‌ను ఎత్తును. టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను ఎత్తును. రాకర్ రెండవ కొన వాల్వును క్రిందికి నొక్కును. మరి మూయునది ఎవరు? కామ్‌కు త్రోయుటయే తెలియును, లాగుట తెలియదు. వాల్వును తిరిగి దాని ఆసనము మీద కూర్చుండబెట్టు పని అంతయు స్ప్రింగుదే. అంతేకాదు, వాల్వు, రాకర్, పుష్‌రాడ్, టాపెట్ అను నాలుగింటిని ఒకదానితో నొకటి అంటిపెట్టుకొని కామ్ చెప్పినట్లు నడచునట్లు చేయునదియు అదే.

ఇంజను రెండు చుట్లు తిరిగినప్పుడు కామ్ ఒక చుట్టు తిరుగును. నిమిషమునకు 1800 చుట్ల వేగములో ప్రతి వాల్వు 900 సార్లు తెరచుకొని మూసికొనును. గంటకు ఇది 54,000 సార్లు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున 300 దినములు నడచు టిప్పరులో ఒక్కొక్క స్ప్రింగు సంవత్సరమునకు సుమారు 13 కోట్ల సార్లు ముడుచుకొని విచ్చుకొనును. ఇంతటి సేవ చేయు వస్తువును ఎన్నడో హెడ్డు విప్పిన నాడు తప్ప ఎవరును పలుకరింపరు.

వాల్వు తేలుట

కదలుచున్న వస్తువు అదే దిశలో కదలుటకు చూచును; దీనినే జడత్వము అందురు. కామ్ ఉబ్బు వాల్వును వేగముగా త్రోసి, శిఖరము దాటిన తరువాత వెనుకకు తగ్గును. వాల్వు మాత్రము తన జడత్వముతో ముందునకే పోజూచును. అప్పుడు దానిని ఆపి వెనుకకు మళ్ళించుటకు స్ప్రింగు బలము చాలవలెను. చాలనిచో వాల్వు కామ్ మాట వినక ఒక క్షణము గాలిలో తేలును. దీనినే వాల్వు ఫ్లోట్ అందురు.

ఇచ్చట గమనింపదగిన గణితము ఒకటి కలదు. జడత్వ బలము వేగముతో సమానముగా పెరుగదు, వేగము యొక్క వర్గముతో పెరుగును. నిమిషమునకు 2500 చుట్ల వరకు నడచుటకు ఏర్పరచిన ఇంజనును 3000 చుట్లకు తీసికొనిపోయినచో వేగము 20 శాతమే పెరిగినది. స్ప్రింగు ఎదుర్కొనవలసిన బలము మాత్రము 44 శాతము పెరిగినది. 3500 చుట్లకు పోయినచో అది దాదాపు రెండింతలగును.

తేలిన వాల్వు వలన కలుగు నష్టము పెట్రోలు ఇంజను కంటె డీజిల్ ఇంజనులో ఎక్కువ. గాలిని చాల చిన్న స్థలములోనికి నొక్కి వేడెక్కించుటయే డీజిల్ పద్ధతి కనుక, పిస్టను పైకి వచ్చినపుడు హెడ్డునకు, దానికి నడుమ మిగులు సందు బహు స్వల్పము. ఆలస్యముగా మూసికొను వాల్వునకు పిస్టను ఎదురు వచ్చి కొట్టును. పుష్‌రాడ్ వంగుట, వాల్వు కాడ విరుగుట, విరిగిన తల పిస్టనులో గ్రుచ్చుకొనుట, ఇవి వరుసగా జరుగు అనర్థములు.

స్ప్రింగునకు ముగ్గురు శత్రువులు

మొదటి శత్రువు అతివేగము. సామాన్యముగా ఇంధనపు పంపులోని గవర్నరు ఇంజనును మితిమీరిన వేగమునకు పోనీయదు. డ్రైవరు ఎంత తొక్కినను హద్దు చేరగానే ఇంధనమును తగ్గించివేయును. కాని ఘాటు దిగునపుడు కథ వేరు. నిర్మల్ సమీపమున గల మహబూబ్ ఘాట్ వంటి చోట నిండు బరువుతో దిగుచు, వేగము తగ్గింపకయే క్రింది గేరు వేసినచో, ఇంజనును త్రిప్పునది ఇంధనము కాదు, చక్రములు. గవర్నరు ఇంధనమును పూర్తిగా ఆపివేసినను ఇరవై, ముప్పది టన్నుల బరువు ఇంజనును త్రిప్పుచునే యుండును. అప్పుడు వాల్వులకు రక్ష స్ప్రింగు ఒక్కటే.

రెండవ శత్రువు టర్బో చార్జరు నెట్టు గాలి. ఈ గాలి ఇన్‌లెట్ వాల్వు వెనుక భాగమును నొక్కి, దానిని తెరచుటకు చూచును. అయితే ఆ సమయమున సిలిండరులోని పీడనము కూడ ఎదురు నొక్కుచుండును కనుక, ఈ రెండింటి తేడాయే స్ప్రింగు మీద పడు భారము. పంపు సవరించి, టర్బో మార్చి, గాలిని బాగుగ పెంచిన ఇంజనులలో ఈ తేడా గణనీయమగును.

మూడవ శత్రువు ఎగ్జాస్ట్ బ్రేకు. పొగగొట్టములోని ఒక రేకు తలుపును మూసి, పొగ బయటకు పోకుండ అడ్డగించుటచే ఇంజను తిరుగుటను బరువు చేయుట దీని పద్ధతి. ఘాటులో బ్రేకు లైనింగులు కాలిపోకుండ కాపాడు మంచి సాధనమిది. కాని అడ్డుకొన్న గాలి ఎగ్జాస్ట్ వాల్వు వెనుక నుండి దానిని తెరచుటకు ప్రయత్నించును. ఒక లెక్క వేసి చూతము. వాల్వు తల వ్యాసము 4.2 సెంటీమీటర్లు అనుకొన్నచో దాని వైశాల్యము సుమారు 14 చదరపు సెంటీమీటర్లు. గొట్టములో చదరపు సెంటీమీటరునకు 3 కిలోల పీడనము నిలిచినచో వాల్వు మీద పడు త్రోపు 42 కిలోలు. మూసియున్నప్పుడు స్ప్రింగు పట్టు 30 కిలోలు మాత్రమే అయినచో, గాలి పీల్చు ఘట్టములో ఆ వాల్వు తనంత తాను తెరచుకొని, మరల ఆసనము మీద దబ్బున పడును. అందువలననే ప్రతి ఇంజనుకు ఎంత ఎగ్జాస్ట్ బ్రేకు పీడనము తగునో దాని తయారీదారులు హద్దు నిర్ణయింతురు.

మన రోడ్ల మీది ఒక ఉదాహరణ

టాటా, కమ్మిన్స్ సంస్థలు కలిసి 1993లో స్థాపించిన టాటా కమ్మిన్స్ కర్మాగారము జంషెడ్‌పూరులో ఉన్నది. అచ్చట తయారై మన లారీలకు అమరిన ఇంజనులలో 6బిటి ప్రసిద్ధమైనది. ఆరు సిలిండర్లు, పన్నెండు వాల్వులు, 102 మిల్లీమీటర్ల బోరు, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తము 5.9 లీటర్లు. ఈ కుటుంబమునకు చెందిన ఇంజననే అమెరికాలో 1989 నమూనా నుండి డాడ్జ్ పికప్ బండ్లలో అమర్చినారు.

ఒకే ఇంజను రెండు దేశములలో రెండు విధములుగా బ్రతికినది. మన దేశములో అది బరువు మోసినది. అచ్చట ఔత్సాహికులు దానిని పందెములకు సిద్ధము చేసినారు. మొదట పంపులోని గవర్నరు స్ప్రింగులను మార్చి వేగపు హద్దును 3000 చుట్లు దాటించినారు. వెంటనే వాల్వులు తేలసాగినవి. అందుచేత వాల్వు స్ప్రింగులను కూడ బలమైనవి వేయవలసివచ్చినది. ఒక స్ప్రింగు మార్పు మరొక స్ప్రింగు మార్పును కోరినది. గట్టి స్ప్రింగులు పుట్టిన సందర్భమిది అని మనము మరువరాదు. మన దేశములో కూడ 2014 మార్చిలో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో టాటా ప్రైమా లారీల పందెములు జరిగినవి. లారీ పందెము అనునది వింత మాట కాదని దీనివలన తెలియుచున్నది.

స్ప్రింగు గణితము

స్ప్రింగు ఎంత ముడుచుకొన్నచో అంత బలముగా ఎదురు నిలుచునను సూత్రమును రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చిన్న తూకపు రాళ్ళు వ్రేలాడదీసి బలస్థిరాంకమును కట్టు ప్రయోగము ఆ సూత్రము మీదనే ఆధారపడినది. లారీలోని స్ప్రింగునకును అదే ధర్మము.

లెక్కకు సులభముగా కొన్ని అంకెలు తీసికొందము. ఒక స్ప్రింగును మిల్లీమీటరు ముడుచుటకు 4 కిలోలు కావలెననుకొనుడు. హెడ్డులో అమర్చినపుడు అది 7.5 మిల్లీమీటర్లు ముడుచుకొని యున్నచో దాని పట్టు 30 కిలోలు. వాల్వు 10 మిల్లీమీటర్లు తెరచుకొన్నప్పుడు 70 కిలోలు. ఈ రెండు అంకెలు ముఖ్యమైనవి. మొదటిది మూసిన ద్వారమును కాపాడును. రెండవది తెరచిన వాల్వును వెనుకకు మళ్ళించును.

బలము పెంచుటకు చౌకయైన ఉపాయము స్ప్రింగు అడుగున రేకు వాషరు వేయుట. ఒకటిన్నర మిల్లీమీటరు మందము గల వాషరు వేసినచో పై అంకెలు 36, 76 అగును. కాని స్ప్రింగు ముడుచుకొనుటకు మిగిలిన చోటు ఆ మేరకు తగ్గిపోవును.

రెండవ ఉపాయము మందమైన తీగతో చుట్టిన స్ప్రింగు. స్ప్రింగు బిగువు తీగ వ్యాసము యొక్క నాలుగవ ఘాతముతో పెరుగును. తక్కిన కొలతలు మారకుండ తీగ మందము పదవ వంతు పెరిగినచో బిగువు 46 శాతము పెరుగును. పైన చెప్పిన 30, 70 కిలోలు సుమారు 44, 102 కిలోలగును. కంటికి రెండు స్ప్రింగులు ఒకే తీరుగ కనబడును. కామ్‌నకు మాత్రము తేడా తెలియును.

మూడవ ఉపాయము ఒక స్ప్రింగులో మరొక స్ప్రింగును నిలుపుట. లోపలిదానిని బయటిదానికి వ్యతిరేక దిశలో చుట్టుదురు. లేనిచో చుట్లు ఒకదానిలో నొకటి ఇరుకుకొనును. ఒకటి విరిగినను రెండవది వాల్వును సిలిండరులో పడనీయక పట్టియుంచుట దీని సుగుణము. మరియు ప్రతి స్ప్రింగునకు తనదైన ఒక సహజ పౌనఃపున్యము ఉండును. కామ్ త్రోపులు దానితో ఏకమైనచో అనునాదము పుట్టి స్ప్రింగు చుట్లు తమలో తాము అలలవలె ఊగును. రెండు స్ప్రింగుల పౌనఃపున్యములు వేరగుటచే ఈ ఊపు అణగును. చుట్ల మధ్య దూరమును ఒక కొన నుండి మరియొక కొనకు మార్చుట వలన గూడ ఈ ఫలితమే లభించును.

ఇక లోహము. మంచి వాల్వు స్ప్రింగులు క్రోమియం, సిలికాన్ కలిసిన ఉక్కు తీగతో చేయబడును. వాటి ఉపరితలమును చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి గట్టిపరతురు. కోట్ల సార్లు ముడుచుకొను తీగలో పగులు తరచుగా పైపొర మీది గీత నుండి ఆరంభమగును. పటకారుతో పట్టి లాగిన గీత, తుప్పు మచ్చ, సుత్తి దెబ్బ, ఇవి కొత్త స్ప్రింగు ఆయువును సగములోనే త్రుంచివేయును.

అతి అనర్థము

గట్టి స్ప్రింగు వలన ఇంజను బలము పెరుగదు. బలము ఇచ్చునది ఇంధనము, గాలి. ఇంజను ఇప్పటికే చేరవలసిన వేగములో వాల్వులు క్రమము తప్పకుండ చూచుటయే స్ప్రింగు చేయగల మేలు. క్రమము తప్పని ఇంజనుకు గట్టి స్ప్రింగు వేసినచో లాభము లేదు, నష్టము కలదు. తెరచునపుడు తీసికొన్న శక్తిని స్ప్రింగు మూసికొనునపుడు చాల వరకు తిరిగి ఇచ్చును. కాని రాపిడి పెరుగును. కామ్ ఉబ్బు, టాపెట్ ముఖము త్వరగా అరుగును. సన్నని పుష్‌రాడ్‌లు వంగును. వాల్వు ఆసనములు దెబ్బతినును. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొనునంత ముడుచుకొన్నచో రాకర్ ఉక్కు గోడను నొక్కినట్లే. పూర్తిగా తెరచుకొన్న స్థితిలో కూడ చుట్ల మధ్య మొత్తము సందు ఒకటి నుండి ఒకటిన్నర మిల్లీమీటరు అయినను మిగులవలెను.

గజ్వేలు దారిలోని ఒక వర్క్‌షాపులో ఇట్టి నష్టమును నేను కన్నులార చూచితిని. ఒక టిప్పరు హెడ్డు విప్పి బల్లమీద పెట్టియున్నారు. ఎవరో పంపు సవరించి, లావు తీగ స్ప్రింగులు తెచ్చి, కొలతలు చూడకయే బిగించినారట. మూడు నెలలు నడచినది. రెండు పుష్‌రాడ్‌లు వంగినవి, కామ్ ఉబ్బులు అరిగిపోయినవి. బండి యజమానియే డ్రైవరు. ఇంకను రెండు సంవత్సరముల వాయిదాలు కట్టవలసియున్నది. వృద్ధుడైన ఉస్తాద్ ఒక స్ప్రింగును చేతిలో త్రిప్పుచు, "గట్టిదని మురిసిండ్రు బేటా, కొలిచినోడు ఒక్కడు లేడు" అనెను. ఆ యజమాని తల వంచుకొని నిలుచుండెను. నా చేతిలోని పుస్తకములు చెప్పిన దానిని ఆ ఒక్క మాట చెప్పినది.

మార్చవలసివచ్చినచో

మార్పునకు తగిన కారణమున్నప్పుడు పని ఇట్లు చేయవలెను. ముందుగా ఆ ఇంజను పుస్తకములోని కొలతలను చేతికి తెచ్చుకొనవలెను. హెడ్డు విప్పకయే స్ప్రింగు మార్చునపుడు ఆ సిలిండరు పిస్టనును పూర్తిగా పైకి తేవలెను. లేనిచో వాల్వు జారి లోపల పడును. ఆరు సిలిండర్ల ఇంజనులో 1, 6 పిస్టన్లు కలిసి పైకి వచ్చును. అట్లే 2, 5 మరియు 3, 4. కనుక ఒక్క త్రిప్పుతో రెండు సిలిండర్ల పని ముగింపవచ్చును. నూనె దిగు రంధ్రములను శుభ్రమైన గుడ్డతో మూయవలెను. వాల్వు కాడను పట్టు చిన్న లాకులు అందులో పడినచో సంపు విప్పవలసివచ్చును.

స్ప్రింగును నొక్కు పనిముట్టుతోనే నొక్కి, లాకులు తీసి, పాత స్ప్రింగును ఎత్తవలెను. అదే చేతితో కాడ సీలును కొత్తది వేయుట మంచిది. అమర్చిన ఎత్తును ప్రతి వాల్వు వద్ద కొలవవలెను. పన్నెండు స్ప్రింగులను టెస్టరు మీద నొక్కి, బలములు సమీపముగా నున్నవని తేల్చుకొనవలెను. ఒకటి రెండింటిని మాత్రమే మార్చుట పొదుపు కాదు. అన్నియు ఒకే వయస్సువి. ముగించిన తరువాత రాకర్ సందులను సరిచేయవలెను. పైన చెప్పిన 6బిటిలో చల్లని ఇంజనుకు ఇన్‌లెట్ వైపు 0.25, ఎగ్జాస్ట్ వైపు 0.51 మిల్లీమీటరు. చేతితో ఇంజనును రెండు చుట్లు నెమ్మదిగా త్రిప్పి, ఎచ్చటను తగులుట లేదని నిర్ధారించుకొనిన పిమ్మటనే స్టార్టు చేయవలెను.

మన బండ్లకు ఏది తగును?

మర్కూక్ పొలిమేరలో మట్టి మోయు టిప్పరునకు, రాజీవ్ రహదారి మీద సరకు లాగు లారీకి పందెపు స్ప్రింగులు అవసరము లేదు. వయస్సు మీరి పొట్టివైన స్ప్రింగులను తీసి తయారీదారు నిర్ణయించిన కొత్త వాటిని వేయుటయే వాటికి నిజమైన ఉన్నతి. ఎగ్జాస్ట్ బ్రేకు కొత్తగా అమర్చినచో, ఆ ఇంజను స్ప్రింగులు దానికి తగునా అని విచారించి తగినవి వేయవలెను. ఘాటు ఎక్కిన గేరులోనే దిగవలెనను పాత డ్రైవర్ల సూక్తి ఏ స్ప్రింగు కంటెను గొప్ప రక్ష. మరియు రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నదని గుర్తుంచుకొనవలెను.

చివరగా మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన విద్యార్థులలో పలువురు లారీలు, టిప్పర్లు, వర్క్‌షాపులు నమ్ముకొన్న కుటుంబముల బిడ్డలు. ప్రయోగశాలలో హుక్ సూత్రమును వ్రాసి మార్కులు పొందు విద్యార్థికి, తన తండ్రి బండిలో ఆ సూత్రము దినమునకు నాలుగు లక్షల సార్లు పని చేయుచున్నదని తెలియదు. పాత సామాను దుకాణము నుండి ఒక పనికిరాని హెడ్డును, పన్నెండు స్ప్రింగులను, ఒక టెస్టరును తెచ్చి ప్రయోగశాలలో నుంచుట పెద్ద ఖర్చు కాదు. సంవత్సరమునకు ఒకసారి ఒక ఉస్తాద్‌ను పిలిచి ఆ బల్ల ముందు నిలబెట్టినచో, ఆయన ఉర్దూలో చెప్పినను తెలుగులో చెప్పినను మన పిల్లలకు అర్థమగును. పుస్తకమునకు కొలత తెలియును, ఉస్తాద్‌కు చేయి తెలియును. ఈ రెండును కలిసిన నాడు, కొలవకుండ బిగించిన స్ప్రింగు మూలమున మన ఊరి డ్రైవరు ఎవడును తల వంచుకొని నిలువవలసిన పని ఉండదు.